నడుముకు కట్టుకున్న మగ్గం

మగ్గానికి గుంట ఎందుకని ఈ కాలం పిల్లలు అడుగుతారు. కాళ్ళు పెట్టుకోవడానికి. అంతకంటే రహస్యం ఏమీ లేదు. నేసేవాడు నేల అంచున కూర్చుని కాళ్ళు గుంటలోకి వదులుతాడు. అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే పడుగులో, అంటే నిలువు పోగుల్లో, సగం పైకి లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం లేస్తాయి. లేచినవాటికీ లేవనివాటికీ నడుమ సందు పడుతుంది. ఆ సందులోంచి నూలు కండె ఉన్న నాడెను విసిరితే పేక పోగు అడ్డంగా పడుతుంది. ఇది అర్థమైతే మగ్గం సగం వచ్చినట్టే. మిగతా సగం ఓపిక. అది చెబితే వచ్చేది కాదు గనుక చెప్పను.

గుంట లేకుండా కూడా గుడ్డ నేయవచ్చని నాకు అరకు లోయలో తెలిసింది. తెలియాలని నేనేమీ కోరుకోలేదు.

అప్పుడు నాకు ఇరవై దాటి ఉంటాయి. మాది మైదానంలో సాలెల ఇల్లు. మా ఇళ్ళలో ఆడవాళ్ళం నూలు ఆసు పోసి పడుగు సిద్ధం చేసేవాళ్ళం, పడుగుకు గంజి పెట్టేవాళ్ళం, పేకకు కండెలు చుట్టేవాళ్ళం. గుంటలోకి దిగేది మగవాళ్ళు. గుడ్డ బాగుంటే పేరు వాళ్ళది, పోగు తెగితే గంజి సరిగ్గా పెట్టలేదని మాట మాది. మా ఆయనకు దగ్గు జబ్బు పట్టాక వీధి తలుపు వేసుకుని నేనే గుంటలోకి దిగాను. ఆయన మంచం మీద పడుకుని చప్పుడు విని తప్పులు చెప్పేవాడు. నేత అలా నేర్చుకున్నాను. బడి చదువు మాత్రం రెండేళ్ళతో సరి. ఆయన పోయాక మా బావగారి ఇంట్లో చేరాను. అక్కడ మళ్ళీ కండెలే. తెల్లారిన దగ్గర్నుంచి రాట్నం తిప్పడం, అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది తినడం. తిండి పెడుతున్నామని రోజూ గుర్తు చేసేవాళ్ళు. నేను మరిచిపోతానని వాళ్ళ భయం కాబోలు.

అది మన్యంలో పితూరీ అణిగిన కొత్త. కొండవాళ్ళ చేతులకు ఏదో ఒక పని తగిలిస్తే మళ్ళీ విల్లు పట్టరని పైవాళ్ళకు తోచింది. జమీందారు ఎస్టేటువారు కొండ మీద ఆడపిల్లలకు నేత బడి పెట్టారు. విల్లు పట్టింది మగవాళ్ళు కదా, బడి ఆడపిల్లలకెందుకని ఎవరూ అడగలేదు. నేర్పడానికి మగ సాలెలు ఎవరూ పైకి వెళ్ళనన్నారు. కొండజ్వరం వస్తే మనిషి తిరిగి రాడని భయం. జ్వరంతో పోయినా అడిగేవాళ్ళు లేని మనిషి కోసం వెతికారు. మా బావగారు నా పేరు చెప్పారు. ఆయన నాకు చేసిన ఉపకారం అదొక్కటే. అది కూడా తెలిసి చేసింది కాదు.

నాతోపాటు మగ్గం నిలబెట్టడానికి ఒక ముసలి వడ్రంగి వచ్చాడు. అప్పటికి రైలు కొండ ఎక్కలేదు. మగ్గం కర్రలు కావడిలో, మేము కాళ్ళ మీద. దారి పొడుగునా ఆయన ఒకటే సణుగుడు. "ఈ కొండల్లో గుడ్డెవులు కడతారమ్మీ? సలికి కంబలి కప్పుకుంటారు, ఎండకి అదీ ఇప్పేత్తారు." మనిషి మంచివాడే. పని మాత్రం సులువుగా అయిపోవాలనే రకం.

మాకిచ్చింది గదబలనే కొండవాళ్ళ ఊళ్ళో ఒక తడికల పాక. ముందు చిన్న అరుగు, అరుగు మీద చూరుకు ఒక రాట. వడ్రంగి గునపంతో పాకంతా పొడిచి చూసి, ఒకచోట నేల మెత్తగా ఉందని అక్కడ గుంట తవ్వాడు. ఊరి ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. అందరి మొహాల్లోనూ సంతోషం. మగ్గం గుంటకు ఇంత సంబరమేమిటా అనుకున్నాను గానీ, పని మీద గౌరవమని సరిపెట్టుకున్నాను.

మొదట్లోనే తనిఖీ బాబుగారు గుర్రం మీద వచ్చి చూసి వెళ్ళారు. ఎస్టేటు బడులన్నీ ఆయన చేతిలోవి. "దసరా వెళ్ళాక మళ్ళీ వస్తాను. మగ్గం మీద గుడ్డ నడుస్తూ కనబడాలి. కనబడకపోతే బడి ఎత్తేసి నిన్ను మీ ఇంటికి పంపించేస్తాను" అన్నారు. మీ ఇంటికి అంటే బావగారి ఇంటికి. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో దయ కూడా కనిపించింది. ఇంటికి పంపడం మేలు చేయడమే అనుకునే మనుషులు ఎప్పుడూ ఉంటారు.

నేర్చుకోవడానికి నలుగురైదుగురు పిల్లలు వచ్చేవాళ్ళు. అందులో పెద్దపిల్లకు పదహారేళ్ళు ఉండవచ్చు. సంతల్లో తిరిగి నేర్చిన తెలుగు, మాటకు ముందు నవ్వు, నవ్వు వెనకే చురక. నన్ను అప్పా అనేది, అక్కా అని. ఈ కథంతా ఆ పిల్లదే.

గదబ ఆడవాళ్ళు తమ చీర తామే నేసుకునేవాళ్ళు. చెట్టు నారతో పోగు తీసి, పడుగు ఒక కొసను గుంజకు కట్టి, రెండో కొసను నడుముకు కట్టుకుని, కాళ్ళు చాపి నేల మీద కూర్చుంటారు. పోగులు ఎత్తడానికి ఒక కర్ర, వేరు చేయడానికి ఒక కర్ర, పేకను దగ్గరికి కొట్టడానికి కత్తిలా చెక్కిన మరో కర్ర. అంతే. దాన్ని మగ్గం అనాలని నాకు తోచలేదు. మూడు కట్టెలూ ఒక నడుమూ. మగ్గం అంటే మాది, నాలుగు రాటలతో, అచ్చులతో, పన్నెతో, దోనెతో.

ఈ పేర్లు మీకు చెప్పాలి కదా. అచ్చు అంటే దారపు కళ్ళ వరస. పడుగులో ప్రతి పోగూ ఒక కంటిలోంచి దూరుతుంది. అచ్చులు రెండు, పోగుల్లో సగం దీనికి, సగం దానికి. చెక్క తొక్కితే కదిలేవి ఇవే. పన్నె దువ్వెన లాంటిది. పడిన పేకను ముందుకు కొట్టి దగ్గర చేస్తుంది. దోనె నేసేవాడి ఒడి ముందుండే దూలం. నేసిన గుడ్డ దానికి చుట్టుకుంటుంది, పడుగుకు బిగువు కూడా అదే ఇస్తుంది. బిగువు లేకపోతే మిగతావన్నీ ఉత్త కర్రలు.

పెద్దపిల్లను గుంట దగ్గర కూర్చోబెడితే అలవాటు కొద్దీ వెనక్కి వాలేది.

"వాలకే. తిన్నగా కూర్చో."

"వాలకపోతే బిగువెలాగొత్తాది అప్పా?"

"దోనె చూసుకుంటుంది. నువ్వు ఊరికే కూర్చో."

"ఊరికే కూసుంటే నిద్దరొత్తాది."

తువ్వాళ్ళకని పడుగు పోసి గంజి పెట్టాను. మైదానంలో అయితే బియ్యప్పిండి గంజి. కొండ మీద బియ్యం తినడానికే లేవు, నూలుకు పెడతామా. చోడి పిండి, అంటే రాగి పిండి, కాచి పెట్టాను. పడుగు కాస్త ఎర్రబడింది. "చోడి గంజి చెమ్మకి అంటుకుంటాదమ్మీ" అన్నాడు వడ్రంగి. అంటుకుంటే విడదీద్దామన్నాను. బియ్యపు గింజ ఒకటి మిగిలిందంటే నాకు అందులో తప్పేమీ ఇప్పటికీ కనబడదు.

అచ్చు కళ్ళలోంచి పోగులన్నీ దూర్చి, నేత మొదలుపెట్టి జానెడు నేసేసరికి వానలు ముదిరాయి. ఒక ఉదయం లేచి చూద్దును కదా, తొక్కుడు చెక్కలు నీళ్ళ మీద తేలుతున్నాయి. తోడి పోశాం. మధ్యాహ్నానికి మళ్ళీ నిండాయి. వాన నీళ్ళు కావు, అడుగు నుంచి ఊట. తేటగా, చల్లగా, తియ్యగా ఉన్నాయి. సాయంత్రానికి ఊరి ఆడవాళ్ళు కుండలతో వచ్చారు.

"ఏటే ఇది?" అని వడ్రంగి పెద్దపిల్లను అడిగాడు.

"నుయ్యి."

"నుయ్యేటే? మగ్గం గుంట ఇది."

"మాకేటి తెలుసు మావా? నీటికి దూరం పోతన్నామని ఎస్టేటు దొర జాలిపడి మిమ్మల్ని పంపించాడనుకున్నాం. మెత్తటి సోటు సూసి మరీ తవ్వావు. మా ముసిలోల్లు నిన్ను మెచ్చుకున్నారు."

"నూతిలో చెక్కలెందుకు కడతామే?" అన్నాను నేను.

"కిందోల్ల నూతులు ఎలాగుంతాయో మేమేటి సూసేమా?"

పాకలో మరెక్కడ తవ్వినా రాయి. మెత్తటి చోటల్లా ఊట. వడ్రంగి గునపం మూల పెట్టేశాడు. "పడుగు కోసేసి మూట కట్టమ్మీ. ఎండలొచ్చాక చూద్దాం" అన్నాడు. ఎండలు వచ్చేసరికి దసరా వెళ్ళి ఎన్నాళ్ళవుతుంది. అదీకాక, ఆసు పోసి, గంజి పెట్టి, ఒక్కొక్క పోగే అచ్చు కంటిలోంచి దూర్చిన పడుగును కోయడానికి నాకు చేయి రాలేదు. నూలు ఎస్టేటుది కావచ్చు, వేళ్ళు నావి.

అరుగు మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నానని రాస్తే మీకు నచ్చుతుంది. పెట్టుకోలేదు. తెగిన పోగు ముక్కలు ఏరి దీపం వత్తులు చేస్తూ కూర్చున్నాను. పెద్దపిల్ల వచ్చి కాసేపు చూసి, "ఆ దోనె ఇటియ్యి అప్పా" అంది.

మగ్గం రాటల నుంచి దోనెను ఊడదీసింది. పాక లోపలే, వెనక గోడ పక్కన గట్టి నేల మీద కూర్చుని, దోనెను ఒళ్ళో పెట్టుకుని, రెండు కొసలకూ నారపట్టీ కట్టి నడుము వెనక నుంచి తిప్పింది. పాదాలకు ఎదురుగా ఒక రాయి పెట్టించుకుంది. పడుగు రెండో కొసను నీళ్ళ గుంట మీదుగా తీసుకుపోయి, ముందు తడికకు కన్నం చేసి, అరుగు మీది రాటకు కట్టమంది. తొక్కుడు చెక్కలకు దారాలు కోసేసింది. ఇక తొక్కడం లేదు. ఈ అచ్చు చేత్తో ఎత్తితే ఒక వరస లేచింది, ఆ అచ్చు ఎత్తితే రెండో వరస. నాడె దూర్చి, పన్నె లాగి, వెనక్కి వాలింది. పడుగు తీగలా బిగిసింది.

"ఇప్పుడు వాలొచ్చా?" అంది.

నేను ఆ బిగువును వేలితో మీటి చూశాను. వడ్రంగి మాత్రం, తాను కొండ మీదికి మోయించిన కర్రలన్నీ చూసి, "ఇయ్యన్నీ పొయ్యిలోకేనేటి?" అన్నాడు.

గుడ్డ నడిచింది. బాగా నడిచిందని చెప్పను. దోనె రాటలకు కడితే దానికి నోరూ చెవులూ ఉండవు. మనిషి నడుముకు కడితే ఉంటాయి. ఆ పిల్ల నవ్వితే బిగువు సడలేది, కోపం వస్తే పేక బిర్రు పడేది. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు పడుగు కింద నుంచి వంగి వెళుతూ ఏదో ఒక మాట అనకుండా ఉండరు. మాటకు మాట ఇవ్వకుండా ఈ పిల్ల ఉండదు. తువ్వాలంతా ఊరి కబుర్లే.

ఇంకో చిక్కు. తన నార పడుగైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టీ విప్పి లేచిపోయేది. ఇది సన్నని మర నూలు, పైగా చోడి గంజి. మొదటి రోజు అంబలి తాగడానికి లేచింది. బిగువు వదలగానే చెమ్మకు పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని తాడయ్యాయి. విడదీయబోతే తెగాయి. తెగినవి అతకడానికి నాకు మిగిలిన పొద్దంతా సరిపోయింది. అప్పటి నుంచి అంబలి అక్కడికే తెచ్చి తాగించేదాన్ని. సాయంత్రం పని ఆపేటప్పుడు నేనూ వడ్రంగీ చెరో కొసా పట్టుకుని దోనెను అలాగే బిగువుతో గోడ గుంజలకు కట్టాక, అప్పుడు తను పట్టీలోంచి జారి బయటికి వచ్చేది.

దసరా వెళ్ళాక బాబుగారు వస్తానని కబురు పెట్టిన రోజున రాలేదు. రానన్న రోజున వచ్చారు. సన్నటి జల్లు. వడ్రంగి సంతకు పోయాడు. మిగతా పిల్లలు పొలాల్లో ఉన్నారు. నేను లోపల కండెలు చుడుతున్నాను. పెద్దపిల్ల నేస్తోంది. ఉన్నట్టుండి పడుగు వదులైంది. వెంటనే బిగిసింది. మళ్ళీ వదులైంది.

"రాటకి ఆనుకున్నోడెవుడు?" అని లోపలి నుంచే అరిచింది. "ఎద్దైతే తోలండి. మనిసైతే బుద్ది సెప్పండి."

నేను బయటికి వచ్చి చూద్దును కదా, బాబుగారు రాటకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి బురద జోడు విప్పుకుంటున్నారు. పక్కనే ఆయన బంట్రోతు రెండో కాలి జోడు పట్టుకుని ఉన్నాడు. నా మనసులో బావగారి ఇంటి గుమ్మం కనబడింది.

బాబుగారు ఏమీ విననట్టే లోపలికి వచ్చారు. ఆయన వస్తే తాసీల్దారు కచేరీలో గుమాస్తాలు లేచి నిలబడతారు. ఈ పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంది.

"లెగవే. బాబుగోరొచ్చారు" అన్నాడు బంట్రోతు.

"లెగిత్తే గుడ్డ పోద్ది. గుడ్డ పోతే అప్ప ఉద్యోగం పోద్ది. లెగమంటారా?"

బాబుగారు నావైపు చూశారు. "ఏమిటిది?"

"బాబూ, ఆ పిల్ల ఇప్పుడు మగ్గంలో భాగం. లేస్తే బిగువు పోతుంది, బిగువు పోతే పోగులు అంటుకుంటాయి" అన్నాను.

"ఎవరైనా వస్తే కూడా ఇలాగే కూర్చుంటుందా?"

"ఎవరు వచ్చినా ఇలాగే కూర్చుంటుంది బాబూ."

ఇలా చెప్పి ఉండకూడదు. ఆయన మొహం ఎర్రబడింది. బడిలో అన్నిటికంటే ముందు మర్యాద నేర్పాలని చెప్పి, బంట్రోతును ఆ పట్టీ తగిలించుకోమన్నారు. బంట్రోతు పిల్ల వెనకాల చతికిలబడి పట్టీ తన చుట్టూ తిప్పబోయాడు. ఆ పిల్ల నడుముకు కొలిచి పేనిన పట్టీ ఆ పొట్టను సగం కూడా చుట్టలేదు. ఊపిరి బిగించి చూశాడు. ఎస్టేటు తిండి అంత సులువుగా లోపలికి పోయేది కాదు.

"అయితే నువ్వు కట్టుకో" అన్నారు నాతో.

"కట్టుకుంటాను బాబూ. కట్టుకున్నాక నేను లేవడానికి వీలుండదు."

ఆ పాకలో ఎవరో ఒకరు ఆయన ముందు కూర్చోక తప్పదని ఆయనకే అర్థమైంది. దారి చూపించింది ఆ పిల్లే.

"బాబు కూసుంటే సరి. ఇంకెవులూ లెగనక్కర్లేదు."

బంట్రోతు నోరు తెరిచాడు. బాబుగారు అటూ ఇటూ చూశారు. నేను చోళ్ళ గంప ఒకటి బోర్లించి ఆయన దగ్గర పెట్టాను. కూర్చున్నారు. గంప పొట్టిది కావడంతో ఆయన కళ్ళు సరిగ్గా పడుగు ఎత్తుకు వచ్చాయి. పైనుంచి చూస్తే గుడ్డే కనిపిస్తుంది. అక్కడి నుంచి చూస్తే సందు కనిపిస్తుంది, అందులోంచి నాడె పోవడం కనిపిస్తుంది. ఆయన అది ఎప్పుడూ చూసి ఉండరు. కాసేపు మర్యాద సంగతి మరిచిపోయారు.

తరవాత గుర్తొచ్చి ప్రశ్నలు మొదలుపెట్టారు. మగ్గం భాగాల పేర్లు అడగడం ఆయనకు ఆనవాయితీ.

"దోనె ఏది?"

పిల్ల నడుము మీద చేత్తో కొట్టుకుంది. "ఇదే."

"దోనె అంటే కర్ర."

"కర్ర వొల్లో ఉంది. లాగీది నడుం. కర్ర ఒక్కర్తీ ఏటి సేత్తాది బాబూ?"

"తొక్కుడు చెక్కలు?"

"నూతిలో."

ఆయన గుంటలోకి తొంగి చూశారు. నీళ్ళకొచ్చిన ముసలమ్మ ఒకామె అప్పుడే కుండ ముంచుతోంది. ఇంకేమీ అడగలేదు. గుడ్డ మీద వేలు పెట్టారు.

"ఇక్కడ వదులుగా ఉందేం?"

"మాయత్త కోడిని ఎతుక్కుంటా వొచ్చింది. నానూ మెడ తిప్పీసేను."

"ఇక్కడ?"

"అది అప్ప తిట్టినప్పుడు. బిర్రుగా ఉంది సూడండి."

"మరి ఇది?" గుడ్డ కొసన, అప్పుడే నేసినచోట, అలలా రెండు వదులు చారలున్నాయి.

"అది తమరే. జోడిప్పుకున్నారు కదా."

బంట్రోతు దగ్గాడు. బాబుగారు ఆ చారల మీద వేలితో రెండుసార్లు రాశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు. తనవల్ల లోకంలో ఒక వస్తువు మీద గుర్తు పడటం ఆయనకు కొత్తేమో.

లేచి నిలబడి తీర్పు చెప్పారు. "బడి ఎత్తెయ్యను. గుడ్డ నడుస్తోంది. నేనడిగింది అదే." నేను మళ్ళీ కండె అందుకున్నాను. "అయితే నేర్పవలసింది ఎవరు అన్నది ఆలోచించాలి. నీకొచ్చింది గుంట మగ్గం. గుంటలో నీళ్ళున్నాయి. ఈ కొండ మీద నడిచే మగ్గం ఈ పిల్లకు వచ్చు. ఈ పిల్లనే పంతులమ్మగా వేస్తాను. నువ్వు కిందికి పోవచ్చు."

న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గుడ్డ నడవకపోతే పోవలసినదాన్ని, గుడ్డ నడిచినందుకు పోతున్నాను. చేతిలో కండె చుట్టడం ఆగిపోయింది.

పెద్దపిల్ల నాడె పక్కన పెట్టింది.

"పంతులమ్మంటే ఏటి సెయ్యాలి బాబూ?"

"పిల్లలకు నేత చెప్పాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడ ఉండాలి."

"ఒక్కరోజా?"

"రోజూ."

"వలిసి సేలు కోతలప్పుడో?"

"అప్పుడూ."

"మా కొండోల్ల ఇటుకల పండగకి?"

"బడికి సెలవుంటేనే."

"నాకు పెల్లయితే?"

"అప్పుడు మీ ఆయన ఒప్పుకోవాలి."

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించలేదు. ఇంత చెడ్డ ఉద్యోగం తనకు చెబుతున్నారేమిటా అన్నట్టు ఆయన్ని చూసింది. తరవాత నావైపు చూసింది. ఆ చూపులో జాలి ఉందో, బేరం ఉందో నేను ఈనాటికీ చెప్పలేను.

"నాకొద్దు. అప్పనే ఉంచీయండి. ఆయమ్మకి సేలూ లేవు, పండగా లేదు, మొగుడూ లేడు. ఎప్పుడు సూసినా ఇక్కడే ఉంతాది."

బాబుగారు తల ఊపారు. అంతకంటే బలమైన సిఫారసు ఆయన వినలేదనుకుంటాను. నా చదువు అడగలేదు, నేత అడగలేదు. సరే, ఉండమన్నారు. ఆ మూడు అర్హతల మీదే, జుట్టు నెరిసేదాకా, ఆ కొండ మీద నేను ఉద్యోగం చేశాను.